ముందు గేటు నుంచి హేమలత బండి

హేమలత నడిపే బ్యాటరీ బండికి హారన్ పనిచేయదు. పనిచేసినా ఆమెకు అవసరం పడదు. "జరుగుండ్రి సారూ, చదువు వస్తాంది" అని ఒక్క కేక వేస్తే ఎంత పెద్ద ప్రొఫెసరైనా నవ్వుకుంటూ పక్కకు తప్పుకుంటాడు.

బూర్గంపాడు దాటి అడవి వైపు పోతే, జామాయిల్ తోటలు అయిపోయి టేకు చెట్లు మొదలయ్యే చోట ఆ ప్రైవేటు యూనివర్సిటీ ఉంది. ఎంత పెద్దదంటే, ఒక కొసన వాన కురుస్తుంటే ఇంకో కొసన పిల్లలు పొడి నేల మీద క్రికెట్ ఆడుతుంటారు. ఇంజనీరింగ్, వ్యవసాయం, మందుల తయారీ, లా, కంప్యూటర్లు, ఇంకా బోర్డు కూడా బిగించని పరిశోధన కేంద్రాలు. అస్సాం నుంచి పిల్లలు వస్తారు, ఆఫ్రికా నుంచీ వస్తారు. అడ్మిషన్ల కాలంలో తల్లిదండ్రులను ఈ బండ్లలో ఎక్కించి మొత్తం చూపిస్తారు. ఆఫీసు వాళ్లు దాన్ని 'క్యాంపస్ ఓవర్‌వ్యూ' అంటారు. హేమలత 'ఒక చుట్టు' అంటుంది.

ఆమెది యూనివర్సిటీ వెనక గోడను ఆనుకుని ఉన్న లంబాడీ తండా. వయసు ముప్పై దాటింది. ఇంటర్‌తో చదువు ఆగింది. భర్త బలరాంకు ఆటో ఉండేది. మిరపకాయలు ఏరే రోజుల్లో తండా ఆడవాళ్లను దమ్మపేట వైపు తోటలకు చేరవేసేవాడు. హేమలత అతని పక్కన కూర్చుని నడపడం నేర్చుకుంది. మరుసటి ఏడు ఆమె నడుపుతుంటే బలరాం పక్కన కూర్చున్నాడు.

యూనివర్సిటీ వాళ్లు బ్యాటరీ బండ్లు దింపి డ్రైవర్లు కావాలన్నప్పుడు చుట్టుపక్కల మగవాళ్లు వచ్చి చూసి పెదవి విరిచారు. స్పీడు లేదు, గేర్లు లేవు, చప్పుడు లేదు. "ఇది బండి గాదు, జాతర్ల పిల్లలను తిప్పే బొమ్మ" అన్నాడొకడు. హేమలత వెళ్లి సీట్లో కూర్చుంది. "చప్పుడు లేకుంటే మంచిదే. నేను మాట్లాడితే ఇనపడుతది" అంది.

నిజానికి మాట్లాడమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. పక్క సీట్లో ఇంగ్లీషు వచ్చిన అమ్మాయి ఒకతె కూర్చుని వివరించేది. ఆ అమ్మాయి చెప్పడం ఆపగానే వెనక సీట్లోని రైతో, బడిపంతులో ముందుకు వంగి హేమలతనే అడిగేవాళ్లు, "అమ్మా, అసలు తిండి ఎట్లుంటది ఇక్కడ?" అని.

"అన్నం మంచిగుంటది. పప్పు పల్చగుంటది. ఆదివారం కోడికూర పెడతరు, వెతికితే అందుల కోడి గూడ ఉంటది."

"ఆడపిల్లకు భయం లేదు గదా?"

"భయం పరీక్షలకే. మిగిలిందానికి మేమున్నం."

హేమలత బండి దిగినవాళ్లు తిన్నగా వెళ్లి పిల్లల్ని చేర్పిస్తున్నారని అడ్మిషన్ల ఆఫీసు మేనేజర్ మురళీకృష్ణ కనిపెట్టాడు. అతనిది వైరా దగ్గర రైతు కుటుంబం. ఎవరి మాట ఎక్కడ పనికొస్తుందో త్వరగా పసిగట్టే మనిషి. "ఇకనుంచి మీరే చెప్పండమ్మా. కాకపోతే ఆ పప్పు సంగతి వదిలెయ్యండి" అన్నాడు. ఆమె వదల్లేదు.

ఒక మాట సూటిగానే చెప్పుకోవాలి. యూనివర్సిటీ లేచిన నేలను ఒకప్పుడు తండా వాళ్లే కౌలుకు దున్నారు. పట్టాలు ఇంకొకరివి కాబట్టి అమ్మకంలో వాళ్ల పేరెత్తిన నాథుడు లేడు. తర్వాత గోడలు కట్టింది తండా మేస్త్రీలు. ఇప్పుడు వరండాలు తుడుస్తున్నది తండా ఆడవాళ్లు. జీతాలు నెలనెలా వస్తున్నాయి, కాదనను. కానీ గోడకు ఇటు పక్క దేశదేశాల పిల్లలు పరిశోధనలు చేస్తుంటే, అటు పక్క పిల్లలు పది తప్పి సిమెంటు తట్టలు మోయడాన్ని అభివృద్ధి అనమంటే నాకు నోరు రాదు.

హేమలతకూ రాలేదు. రెండేళ్ల కిందట తండా ఆడవాళ్లను కూడగట్టి యూనివర్సిటీ ముందు గేటు ఎదురుగా టెంటు వేసింది. పగలు బండి నడపడం, డ్యూటీ దిగగానే వెళ్లి టెంటులో కూర్చోవడం. మురళీకృష్ణకు ఏం చేయాలో తోచలేదు.

"అమ్మా, మీరు మా స్టాఫా, వాళ్ల స్టాఫా?"

"డ్యూటీల మీ స్టాఫ్ సార్. దిగినంక గోడకు అటుపక్క మనిషిని."

చివరికి యాజమాన్యం దిగివచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల పిల్లలు ప్రవేశ పరీక్షలో నెగ్గితే ఫీజు లేకుండా చేర్చుకుంటామంది. మొదటి ఏడు తండా నుంచి ఒక్కరూ పరీక్షకు కూర్చోలేదు. మరుసటి ఏడు ఒక్క పిల్ల కూర్చుంది, సీటు తెచ్చుకుంది. ఆ పిల్ల బాలి.

బాలి తండ్రి కిషన్‌లాల్ తాపీ మేస్త్రి. తల్లి జంపక్క యూనివర్సిటీ ఆడపిల్లల హాస్టల్లో ఊడ్చి తుడిచే పని చేస్తుంది. జంపక్క హేమలతకు వరసకు అక్క. ఆ లెక్కన కిషన్‌లాల్ బావ, బాలికి హేమలత చిన్నమ్మ.

బాలికి పురుగుల పిచ్చి. అది ఊరికే పట్టలేదు. ఒక ఏడు కిషన్‌లాల్ కౌలుకు వేసిన మిరప తోటలో నల్ల తామర పురుగు పడింది. పూత మీద చేరి మొత్తం పీల్చేసింది. చేను పచ్చగానే ఉంది, కాయ లేదు. అప్పుడు బడిలో చదువుతున్న బాలి ఒక పువ్వు తెంపి అరచేతిలో దులిపింది. నల్లటి నలుసులు రాలి పాకాయి. ఇంత నలుసు అంత చేను ఎట్లా తిన్నదన్న ప్రశ్న ఆ పిల్లను పట్టుకుని వదలలేదు. గురుకులంలో ఇంటర్ అయ్యేదాకా మోసుకొచ్చింది. ఇప్పుడు వ్యవసాయం బీఎస్సీలో సీటు. ఆ యూనివర్సిటీలో పురుగుల మీదే ఒక ల్యాబ్ ఉందని చిన్నమ్మ చెప్పిన రోజు నుంచి దానికి నిద్ర లేదు.

సోమవారం చేరాలి. చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. శనివారం సాయంత్రానికి కూడా కిషన్‌లాల్ ఒప్పుకోలేదు. హేమలత డ్యూటీ దిగి నేరుగా వాళ్ల ఇంటికే వచ్చింది.

"చదువద్దంటలేను. ఖమ్మంల చదవమను, హాస్టల్ల ఏస్త. ఇక్కడ మాత్రం వద్దు" అన్నాడు కిషన్‌లాల్.

"ఖమ్మంల పురుగుల ల్యాబ్ నువ్వు కట్టిస్తవా బావా? ఇక్కడ ఫీజు లేదు, ఇంటికి దగ్గర."

"దగ్గరనే తంటా."

పొయ్యి దగ్గర నుంచి జంపక్క అందుకుంది. "నేను ఆ హాస్టల్ కెంచి మార్పించుకుంటనని చెప్తున్న గదా. అటు ఆఫీసుల దిక్కు ఏపిచ్చుకుంట. దీని కంట పడ. ఎదురుపడినా తల వంచుకుని పోతా. ఇది ఎవల బిడ్డో ఎవలకు తెలుస్తది?"

కిషన్‌లాల్ హేమలత వైపు తిరిగాడు. "ఇన్నవా? గిదే నా బాధ. బిడ్డ చదువుతాందని తల్లి దాక్కుంటదంట. గట్ల దాక్కుంటే వచ్చే చదువు నాకొద్దు."

బాలి గుమ్మంలో నిలబడి చిన్నమ్మ ముఖంలోకే చూస్తోంది.

"రేపు ఓపెన్ డే" అంది హేమలత. "ఎవలైనా వచ్చి చూడొచ్చు. మురళీకృష్ణ సార్‌ను అడిగి మన తండాకు నా బండి పెట్టించిన. వచ్చి ఒక చుట్టు తిరుగు బావా. తిరిగినంక వద్దంటే ఇగ నేను మాట్లాడ."

"నేను కట్టిందాన్ని నాకే సూపిస్తవా?"

"కట్టినంక చూసినవా?"

కిషన్‌లాల్ తల అడ్డంగా ఊపాడు. "లేదు. తలుపులు పెట్టినంక మమ్ముల లోపటికి రానియ్యలే."

"మరి?"

పక్కింటి అరుగు మీద నుంచి హాతీరాం తాత గొంతు వినబడింది. తండాకు పెద్ద దిక్కు ఆయన. "నేను గూడ వస్తనే హేమా. సచ్చేలోపు ఏసీ గాలి ఎట్లుంటదో సూడాలె."

"నీకు ఏసీ ఎందుకు తాతా, జలుబు చేస్తది."

"చెయ్యనీ. ఏసీతోని వచ్చిన జలుబని చెప్పుకుంట."

కిషన్‌లాల్ నవ్వాడు. ఆ నవ్వులోనే "సరే, వస్తం" అన్నాడు.

ఆదివారం పొద్దున్నే హేమలత బండికి బంతిపూల దండ కట్టింది. బాలిని ముందే వెంట తెచ్చుకుంది. ముందు గేటు లోపల, నీడలో బండి పెట్టుకుని ఇద్దరూ ఎదురుచూశారు. కార్లు వస్తున్నాయి, బస్సులు వస్తున్నాయి. రంగు జెండాలు, బుడగలు, మైకులో పాటలు. మిగతా బండ్లు నిండి వెళ్లి, తిరిగొచ్చి, మళ్లీ నిండి వెళ్తున్నాయి. తండా వాళ్ల జాడ లేదు. కిషన్‌లాల్ ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు.

"బాపు రాడు చిన్నమ్మా" అంది బాలి. "నిన్ననే అనుకున్న. నువ్వు నవ్వించినవని ఒప్పుకున్నడు గని."

"నోరు మూసుకో. మీ బాపు మాట తప్పే రకం గాదు, మాట నిలుపుకునేదాక గింజుకునే రకం."

మురళీకృష్ణ చెమటలు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏమ్మా, మీ వాళ్లు ఇంకా రాలేదా? ఖమ్మం వాళ్లు ఎండలో నిలబడ్డారు. మధ్యాహ్నం చీఫ్ గెస్ట్ వస్తే బండ్లన్నీ అటే పోవాలి. ఆ బండి ఇచ్చేయండి."

"వస్తరు సార్."

"మీరేమో సీట్ల కోసం టెంటు వేస్తారు. తీరా పిలిస్తే ఒక్కరు రారు" అన్నాడతను. కోపంగా కాదు, విసుగ్గా. ఆ మాట హేమలతకు చురుక్కుమంది. అంతలో గేటు కాపలా కాసే రవీందర్ పైకప్పు నీడలోంచి తల బయటపెట్టాడు.

"అక్కా, మీ తండోళ్ల కోసమా? నేను డ్యూటీ ఎక్కేటప్పుడు వెనక గేటు కాడ చూసిన గదా. తెల్లచొక్కాలు ఏస్కొని లైన్ల నిలబడ్డరు."

వెనక గేటు. కూలీలు, ఊడ్చేవాళ్లు, వంటవాళ్లు, కూరగాయల లారీలు వచ్చే దారి. కిషన్‌లాల్ ఈ గోడలు కట్టిన రోజులన్నీ అక్కడి నుంచే వచ్చాడు, అక్కడే జేబులు తడిమించుకున్నాడు. ఓపెన్ డే అంటే ఏ గేటో హేమలత చెప్పలేదు. వాళ్లు అడగలేదు. వాళ్లకు తెలిసిన గేటు అదొక్కటే.

"ఎక్కవే బాలీ" అంది హేమలత. బ్యాటరీ బండి ఎంత వేగంగా పోగలదో ఆ పొద్దున యూనివర్సిటీ మొత్తం చూసింది.

వెనక గేటు దగ్గర వాళ్లు లేరు. ఆడిటోరియం వెనక ఉన్నారు. ఇస్త్రీ మడతలు ఇంకా నలగని తెల్లచొక్కాల్లో, మల్లెపూలు పెట్టుకున్న ఆడవాళ్లతో సహా, తండా వాళ్లంతా ప్లాస్టిక్ కుర్చీలు మోస్తున్నారు. కిషన్‌లాల్ తల మీద కుర్చీల దొంతర ఉంది. హాతీరాం తాత ఒకే ఒక కుర్చీని రెండు చేతుల్తో పొట్టకు ఆనించుకుని పెళ్లికొడుకులా నడుస్తున్నాడు.

హేమలత బండి దిగింది. "బావా, నువ్వు చుట్టం లెక్క వచ్చినవా, కూలికొచ్చినవా?"

కిషన్‌లాల్ దొంతర దించాడు. "లోపటికి రాంగనే ఇవి అటు ఏయమన్నరు. చేతికిచ్చిండ్రు, తీస్కున్న."

"ఇస్తే తీస్కునుడేనా? చూడనీకొచ్చినమని చెప్పరాదా?"

"చెప్దామనే అనుకున్న. అప్పటికే కుర్చీలు చేతుల ఉన్నయి."

హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ నాగలత పరుగున వచ్చింది. "అయ్యో హేమలతా, వీళ్లు విజిటర్సా? ఎక్స్‌ట్రా లేబర్‌ని పంపారనుకున్నాను. వెనక గేటు నుంచి వచ్చారు కదా." ఆమె ముఖం నిజంగానే వాడిపోయింది. "ఒక్కరైనా చెప్పలేదు నాకు."

ఇందులో నాగలత చెడ్డదేం కాదు. అదే భయం వేసే సంగతి. ఇలాంటి తప్పు చేయడానికి చెడ్డవాళ్లు అక్కర్లేదు, అలవాటైన కళ్లు చాలు. ఇచ్చేవాళ్లకు ఆ కళ్లున్నాయి. తీసుకునేవాళ్లకూ ఉన్నాయి.

కిషన్‌లాల్ భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. "చూసినవా హేమా. మంచిబట్టలేస్కున్నా మమ్ముల చూస్తే వీళ్లకు పనే యాదికొస్తది. రేపు నా బిడ్డను చూసినా గంతే. పా, ఇంటికి పోదాం బాలీ."

బాలి కదల్లేదు. ఏడవలేదు కూడా. తండ్రి దించిన కుర్చీల దొంతరలోంచి ఒక కుర్చీ లాగి దాని మీద కూర్చుంది. "ఇంత దూరం మోసినవు గదా బాపూ. కూసోనియ్యి."

హాతీరాం తాత కిసుక్కుమన్నాడు. తన కుర్చీ కూడా కింద పెట్టి బాలి పక్కన కూర్చున్నాడు. "పిల్ల మంచి మాట చెప్పింది. కిషనూ, ఏసీ చూడంది నేను రా."

హేమలత ఆ సందు వదల్లేదు. "ఒక్క చుట్టు బావా. నచ్చకపోతే నేనే తండాల దించుతా. ఇంత పెద్ద పూలదండ కట్టిన, ఖాళీ బండి తీస్కపోతే ఆ మురళీకృష్ణ సార్ ముంగట నా ఇజ్జత్ ఏమైతది?"

మిగతా వాళ్లను నాగలతే దగ్గరుండి ఇంకో బండి ఎక్కించింది. హేమలత బండిలో కిషన్‌లాల్, బాలి, హాతీరాం తాత ఎక్కారు.

చుట్టు మొదలైంది. రోజూ చెప్పే మాటలే హేమలత ఆ రోజు కొత్తగా చెప్పింది. "ఇది కంప్యూటర్ల బ్లాకు. ఇందుల పిల్లలు మాట్లాడరు, టకటక కొడుతరు. అది మందులు తయారుచేసే కాడ, దవాఖానల వాసన వస్తది. పైన మెరిసేటివి సోలార్ పలకలు, మన తండాకు కరెంటు పోయినా ఇక్కడ పోదు, ఆ సంగతి మళ్ల కొట్లాడదాం..."

"గా గోడ నాదే" అన్నాడు కిషన్‌లాల్ ఉన్నట్టుండి.

"ఏది?"

"గదే, వంపు తిరిగింది. ఇంజనీర్ మూడుమాట్ల కూలగొట్టించిండు, వంపు కుదరలేదని." మెడ సాచి చూశాడు. "మంచిగనే నిలబడ్డది."

ఆ తర్వాత అతని చెయ్యి ఆగలేదు. ఆ మెట్లు. ఆ కిటికీ కింది అరుగు. ఈ మూల. లైబ్రరీ ముందు బండి ఆపమన్నాడు. దిగి లోపలికి వెళ్లి గుమ్మంలోనే నిలబడిపోయాడు. అతను కట్టినప్పుడు అది ఇటుకలు, దుమ్ము, వాన నీళ్లు నిలిచిన నేల. ఇప్పుడు కప్పు దాకా పుస్తకాలు. అద్దాల్లోంచి వెలుతురు బల్లల మీద పడుతోంది.

"ఇంత పెద్ద కిటికీలెందుకని తిట్టుకునేటోణ్ణి" అన్నాడు. "ఇందుకన్నట్టు."

పురుగుల ల్యాబ్‌లో అడుగుపెట్టగానే హాతీరాం తాత ఆగి కళ్లు మూసుకున్నాడు. చల్లగాలి. "అయిపోయింది. నా పని అయిపోయింది, మీరు చూసుకోండ్రి" అని ఒక మూల స్టూలు మీద కూలబడ్డాడు.

తెల్లకోటు వేసుకున్న లిఖిత ఎదురొచ్చింది. సత్తుపల్లి వైపు రైతుల బిడ్డ, అక్కడ పరిశోధన చేస్తోంది. "రండి అంకుల్, ఏం చూస్తారు? సీతాకోకచిలుకలు చూపించనా?"

"నల్ల తామర" అంది బాలి.

లిఖిత ఒక మిరప పువ్వును చిన్న పళ్లెంలో దులిపి మైక్రోస్కోపు కింద పెట్టింది. గోడ మీది తెర వెలిగింది. తెరనిండా అది. ఒళ్లంతా గణుపులు, ఈకల్లాంటి రెక్కలు, కదులుతున్న మీసాలు.

కిషన్‌లాల్ ఒక అడుగు వెనక్కు వేశాడు. మళ్లీ రెండడుగులు ముందుకు వేశాడు. తెరకు దాదాపు ఆనుకుని నిలబడ్డాడు.

"నా తోట తిన్నది ఇదేనా?"

"ఇదే అంకుల్."

"దూడంత ఉన్నది." దాని ముఖంలోకి చూస్తూ అన్నాడు. "కండ్లు గూడ ఉన్నయి లంజకొడుక్కు." వెంటనే నాలిక్కరుచుకుని "ఏమనుకోకు బిడ్డా" అన్నాడు.

లిఖిత పకపకా నవ్వింది. "మేం రోజూ అంతకంటే ఎక్కువే తిడతాం అంకుల్. మా నాన్న తోట కూడా తిన్నదిది."

"మందు దొరికిందా దీనికి?"

"పూర్తిగా లేదు. వెంటపడ్డాం."

బాలి అప్పటికే మైక్రోస్కోపు పక్కకు చేరింది. "అక్కా, పూత మొత్తం పోయినంక ఇది ఏడికి పోతది? చేన్ల ఏం లేనప్పుడు ఏం తిని బతుకుతది? మళ్ల యేడు ఎక్కడికెంచి వస్తది?"

లిఖిత నవ్వు ఆపి బాలిని చూసింది. "మేమూ అదే వెతుకుతున్నాం. గట్ల మీది పిచ్చిపూలలో దాక్కుంటుందేమోనని నా అనుమానం. మీ తండా చుట్టూ గట్లున్నాయా?"

"మస్తున్నయి. అడివి దాకా."

"అయితే ఆ పూలన్నీ కావాలి నాకు. నువ్వు ఇక్కడ చేరుతున్నావా?"

బాలి తండ్రి వైపు చూసింది. లిఖిత కూడా చూసింది. స్టూలు మీది హాతీరాం తాత ఒక కన్ను తెరిచి చూశాడు.

కిషన్‌లాల్ తెర మీంచి చూపు తిప్పలేదు. "ల్యాబ్ మంచిగున్నది" అన్నాడు. "హేమా, ఇగ హాస్టల్ సూపియ్."

హేమలత బండిని నెమ్మదిగా పోనిచ్చింది. చుట్టులో హాస్టల్‌ను ఆఖరుకు పెట్టుకుంది, వీలైతే తప్పించుదామనీ అనుకుంది. ఆ పూట అక్కడ జంపక్కకు డ్యూటీ. ల్యాబ్ మంచిదని కిషన్‌లాల్ ఎప్పుడూ కాదనలేదు. అతని బాధంతా జంపక్క దాక్కోవడం గురించే.

హాస్టల్ వరండాలో జనం. సామాన్లు మోసుకొచ్చిన తల్లులు, గదులు చూస్తున్న ఆడపిల్లలు. మెట్ల మీద నీలం కోటు వేసుకుని జంపక్క నేల తుడుస్తోంది. బండి మలుపు తిరగడం చూసింది. బంతిపూల దండ చూసింది. ముందు సీట్లో కూతుర్ని చూసింది. తుడుపు కర్రతోనే ఒక్క అంగలో స్తంభం వెనక్కు జరిగిపోయింది.

నీలం కోటు అంచు మాత్రం బయటికి కనబడుతోంది.

"గా స్తంభం గూడ నేనే కట్టిన" అన్నాడు కిషన్‌లాల్ మెల్లగా. "నా పెండ్లాం దాక్కునేటంత లావుగ కట్టిన."

బాలి బండి ఆగకముందే దూకింది. "యాడీ" అని పిలిచింది. తండాలో అమ్మను పిలిచే పిలుపది. ఇంటి ముందు నుంచి చేనుదాకా వినబడేలా పిలిచే పిలుపు. వరండా మొత్తం తిరిగి చూసింది.

స్తంభం వెనక నుంచి పళ్ల బిగువున మాట వచ్చింది. "పో. నీకు ముందుగాలనే చెప్పిన గదనే."

"నువ్వు చెప్పినవు. నేను ఒప్పుకున్ననా?" బాలి వెళ్లి తల్లి చెయ్యి పట్టుకుని వెలుతుర్లోకి లాగింది. "బండి ఎక్కు. అందరం చూసినం, నువ్వే చూడలే."

"పిచ్చిదానా, డ్యూటీల ఉన్న. తడి గూడ ఆరలే, ఎవలన్న జారిపడతరు."

పెట్టె మీద కూర్చున్న ఒక పెద్దావిడ ఇదంతా చూస్తోంది. మధిర నుంచి కూతుర్ని చేర్పించడానికి వచ్చింది. "మీ పాపేనా అండీ? ఏం చదువుతుంది?" అని అడిగింది.

జంపక్క తలపైన కొంగు సర్దుకుంది. బాలిని చూసింది, బండిలోని మొగుణ్ణి చూసింది. ఇన్నాళ్లూ ఆ వరండాలో ఆమెను ఎవరైనా అడిగింది బకెట్ ఎక్కడుందనో, గది ఎప్పుడు తుడుస్తావనో.

"బీఎస్సీ" అంది. గొంతు సవరించుకుని మళ్లీ అంది. "వ్యవసాయం బీఎస్సీ. పురుగుల మీద చదువుతది."

"మా అమ్మాయీ అదే. అయితే ఒకే చోట ఉంటారన్నమాట. మీరు ఎలాగూ ఇక్కడే ఉంటారు, మా పిల్లని కాస్త కనిపెట్టుకుని ఉండండమ్మా."

"చూసుకుంటనమ్మా" అంది జంపక్క. "మీరు వచ్చినప్పుడల్లా మా బాలిని గూడ అర్సుకోండ్రి."

ఆవిడ ఒక క్షణం తడబడింది. తర్వాత "తప్పకుండా" అంది. అది మర్యాద కోసం అన్న మాటలా లేదు.

హేమలత ఆ వరండాలోని ఇంకో పనిమనిషి చేతికి తుడుపు కర్ర అందించి, జంపక్కను నీలం కోటుతోనే బండి ఎక్కించింది. కిషన్‌లాల్ జరిగి చోటిచ్చాడు. బండి ముందు గేటు దగ్గరకు వచ్చినప్పుడు అతను హేమలత భుజం తట్టాడు.

"బైటికి తీస్కపో."

హేమలత వెనక్కు తిరిగింది. "ఇంటికేనా బావా?"

"బైటికి తీస్కపోయి మళ్ల లోపటికి తే. ఈ గేటులకెంచి మేం ఎన్నడు రాలే. జంపి గూడ."

బండి బయటికి వెళ్లి రోడ్డు మీద చుట్టు తిరిగి మళ్లీ గేటుకు ఎదురుగా వచ్చింది. రవీందర్ అడ్డకర్ర మీద చెయ్యి వేసి ఆగాడు. "అక్కా, యూనిఫాం వాళ్లు ఈ గేటు నుంచి రావద్దని రూల్. నన్నంటరు."

"ఆమె ఇయ్యాల స్టాఫ్ గాదు తమ్మీ. పేరెంట్."

"కోటున్నది గదక్కా."

చీఫ్ గెస్ట్ కోసం గేటు దగ్గర నిలబడ్డ మురళీకృష్ణ బండిని చూశాడు. బంతిపూల దండ, నీలం కోటు, స్టూలు మీద నుంచి లేపుకొచ్చినందుకు ఇంకా గొణుగుతున్న హాతీరాం తాత. అటు రోడ్డు మీద చీఫ్ గెస్ట్ కార్ల దుమ్ము కనబడుతోంది. అతను పెదవి కొరుక్కున్నాడు.

"ఇవాళ ఒక్కరోజేనా అమ్మా?"

"రేపు గూడ సార్. రేపు గదా చేరేది. ఎల్లుండి సంగతి మనిద్దరం కూసోని మాట్లాడుకుందాం."

"మళ్లీ టెంటు వేస్తారా?"

"మీరు కుర్చీలు ఏపిస్తే టెంటెందుకు సార్."

మురళీకృష్ణ నవ్వు ఆపుకోలేకపోయాడు. రవీందర్‌కు చెయ్యి ఊపాడు. అడ్డకర్ర లేచింది.

బండి లోపలికి వచ్చింది. రెండు పక్కలా చెట్లు, జెండాలు, దారి నిండా గుంపులు గుంపులుగా పిల్లలు. జంపక్క రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, రోజూ తాను తుడిచే చోటును మొదటిసారి ముందు నుంచి చూస్తోంది. ఎదురుగా కుర్రాళ్ల గుంపొకటి దారికి అడ్డంగా నిలబడి ఫొటోలు దిగుతోంది. హేమలత కేక వేయడానికి నోరు తెరిచింది.

ఆమెకంటే ముందే వెనక సీట్లోంచి కిషన్‌లాల్ గొంతు లేచింది. ఇటుకలు అందించమని పై అంతస్తు నుంచి అరిచే మేస్త్రి గొంతు.

"జరుగుండ్రి బిడ్డా, జరుగుండ్రి. మా బాలి వస్తాంది."

కుర్రాళ్లు పక్కకు తప్పుకున్నారు. బాలి గబుక్కున వెనక్కు తిరిగి తండ్రిని చూసింది. అతను చూపు తిప్పుకుని, తను కట్టిన వంపు గోడను చూస్తున్నట్టు నటించాడు. హేమలత యాక్సిలరేటర్ మీద కాలు నొక్కింది.